టీవీ లేని స్టాఫ్‌రూమ్‌లో టీవీ చూశానా?

ప్రశ్న: నమస్తే అండీ. నాకు యాభై మూడేళ్లు. మేం సికింద్రాబాద్‌లో చదువుకున్న స్కూలు పాత విద్యార్థులంతా కలిసి సావనీర్ వేస్తున్నారు. ఇందిరాగాంధీ చనిపోయిన రోజు గురించి నన్ను రాయమన్నారు. అప్పుడు నేను ఏడో తరగతి. పొద్దున ప్రేయర్‌లో హెడ్‌మిస్ట్రెస్ గారు మైకులో చెప్పడం, మేమంతా ఏడవడం, స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి టీవీలో సల్మా సుల్తాన్ వార్తలు చదువుతుంటే చూడడం, లాంగ్ బెల్ కొట్టి ఇళ్లకు పంపేయడం, టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చుకోవడం, అన్నీ నిన్న జరిగినట్టే గుర్తున్నాయి. రాసి మా గ్రూపులో పెట్టాను. వెంటనే ఒకరు 'మన స్కూల్లో టీవీ ఎక్కడిది?' అన్నారు. ఇంకొకరు 'ప్రేయర్‌లో చెప్పనే లేదు' అన్నారు. మా అన్నయ్యయితే 'అవి దసరా సెలవులు, నువ్వసలు స్కూలుకే వెళ్లలేదు' అని నవ్వాడు. నాకు మతిమరుపు మొదలైందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఇంకో విషయం. మా బెంచీలో ఒక సిక్కుల అమ్మాయి ఉండేది. స్కూలు మళ్లీ తెరిచాక క్లాసులో ఎవరో ఆమెతో 'మీవాళ్లే చంపేశారు' అన్నారు. ఎవరన్నారో గుర్తు లేదు, ఆ మాట మాత్రం ఇంకా చెవిలో ఉంది. ఆ తర్వాత ఆమె స్కూలుకు రాలేదని నాకు గుర్తు. గ్రూపులోనేమో 'అలాంటిదేం జరగలేదు, ఆమె టెన్త్ దాకా మనతోనే చదివింది, ఇప్పుడివన్నీ ఎందుకు తవ్వడం' అంటున్నారు. ఆమె నంబర్ నా దగ్గరుంది. చేయాలంటే భయం. ఇది రాయాలా, వదిలేయాలా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ముందు మీ అన్నయ్యగారి సంగతి తేల్చేద్దాం, అది సులువు. ఇందిరాగాంధీ హత్య జరిగింది 1984 అక్టోబర్ 31న, బుధవారం. ఆ ఏడాది విజయదశమి అక్టోబర్ 4న వచ్చింది, దీపావళి 24న. దసరా సెలవులు ఎప్పుడో అయిపోయాయి, దీపావళి వెళ్లి కూడా వారమైంది. అది మామూలు బడి రోజు. ఆ తర్వాత సంతాపం కోసం బడులు మూసిన రోజుల్ని ఆయన దసరా సెలవుల్లో కలిపేసుకుని ఉంటారు. పాత క్యాలెండర్ ఫోన్‌లోనే దొరుకుతుంది, చూపించండి. అన్నయ్యల మీద చెల్లెళ్లు గెలిచే అవకాశం తరచుగా రాదు.

మిగతా రెండింటిలో మాత్రం మీ స్నేహితుల మాటే నిజమనిపిస్తోంది.

ఆ రోజు ఏ వార్త ఎప్పుడు బయటికొచ్చిందో చూడండి. ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ రోడ్డులోని నివాసం ఆవరణలో ఇద్దరు సిక్కు అంగరక్షకులు ఆమె మీద కాల్పులు జరిపింది ఉదయం తొమ్మిది దాటాక. వెంటనే ఎయిమ్స్‌కు తీసుకెళ్లారు. ఆ వేళకు మన దగ్గర చాలా బడుల్లో ప్రేయర్ అయిపోయి హాజరు పిలుస్తుంటారు. మరణించారన్న సంగతి బీబీసీ పగలే చెప్పేసింది. ఆకాశవాణి మాత్రం సాయంత్రం ఆరు దాకా చెప్పలేదు. చెప్పే వేళకు కొత్త ప్రధానిగా రాజీవ్‌గాంధీ ప్రమాణ స్వీకారం కూడా దగ్గర పడింది. సల్మా సుల్తాన్ దూరదర్శన్‌లో ఆ వార్త చదివింది కూడా సాయంత్రమే. అంటే, పొద్దున ప్రేయర్‌లో మీ హెడ్‌మిస్ట్రెస్ గారు మరణవార్త చెప్పే వీలు లేదు. స్టాఫ్‌రూమ్‌లో టీవీ ఉన్నా, అందులో ఆ సమయానికి సల్మా సుల్తాన్ ఉండే వీలు లేదు.

మరి టిఫిన్ డబ్బా? దాన్ని మాత్రం ఎవరేమన్నా వదులుకోకండి. మూత తీయలేదంటే లంచ్ బెల్‌కు ముందే మిమ్మల్ని పంపేశారు. పదకొండు, పన్నెండు మధ్య అనుకుందాం. అప్పటికి సికింద్రాబాద్‌లో ఒక బడికి చేరగలిగిన కబురు కాల్పులు జరిగాయనే. ఏ పత్రికాఫీసు టెలిప్రింటర్ దగ్గర్నుంచో, ట్రంక్ కాల్ వచ్చిన ఏ ఆఫీసు నుంచో, పిల్లల్ని తీసుకెళ్లడానికి పరిగెత్తుకొచ్చిన తండ్రి నోటి నుంచో చేరి ఉంటుంది. ఆ ఏడాది హైదరాబాద్ అప్పటికే గొడవలూ కర్ఫ్యూలూ చూసి ఉంది. ఊళ్లో బస్సులు ఆగిపోతే ఆడపిల్లలు ఇళ్లకెలా చేరతారని ఏ హెడ్‌మిస్ట్రెస్సైనా ముందు అదే ఆలోచిస్తుంది. సంతాపం కంటే ముందు లాంగ్ బెల్. నాకైతే ఆ వరుస సరిగ్గానే కనిపిస్తోంది.

ఇక ప్రేయర్, మైకు, ఏడుపులు: అవి స్కూలు మళ్లీ తెరిచిన రోజువి అయ్యుంటాయి. సంతాప సభ, రెండు నిమిషాల మౌనం ఆ రోజే పెట్టి ఉంటారు. టీవీ కూడా ఎక్కడో చూసే ఉంటారు. ఆ సాయంత్రం వార్తలు, నవంబర్ 3 శనివారం నాటి అంత్యక్రియల ప్రత్యక్ష ప్రసారం దేశమంతా దూరదర్శన్‌లో చూసింది. అప్పట్లో గల్లీకో, రెండు గల్లీలకో ఒక టీవీ. గుమ్మం దగ్గర చెప్పులు గుట్టలుగా పడి ఉండేవి, కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాళ్లు చూసేవాళ్లే. మీకు గుర్తున్న కిటికీ అలాంటి ఏ ఇంటి కిటికీయో అయ్యుంటుంది. ఆల్బమ్‌లో ఫోటోలన్నీ మీవే. అతికించిన పేజీలే మారాయి.

ఇలా మారడం మీ ఒక్కరికే జరిగింది కాదు. దీని మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలా పని చేశారు. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. అందులో క్రిస్టా మెకాలిఫ్ అనే స్కూల్ టీచర్ కూడా ఉండటంతో అక్కడ చాలా బడుల్లో పిల్లలకు దాన్ని టీవీలో చూపించారు. మర్నాడు పొద్దున్నే ఎమొరీ విశ్వవిద్యాలయంలో ఉల్‌రిక్ నైసర్, నికోల్ హార్ష్ తమ విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడ, ఎలా, ఎవరి ద్వారా తెలిసిందో రాయించి దాచారు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో కొందరిని పిలిచి మళ్లీ అవే ప్రశ్నలు వేశారు. చాలామంది జవాబులు మారిపోయాయి. మొదట క్లాసులో ఎవరో చెబితే తెలిసిందని రాసినవాళ్లలో కొందరు తర్వాత 'టీవీలో చూశాను' అన్నారు, ఎంతో ధీమాగా. తమ చేతిరాతతో ఉన్న పాత కాగితం చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. మీ స్టాఫ్‌రూమ్ టీవీ సరిగ్గా ఈ కోవలోదే. ఒక పెద్ద ఘటనను తర్వాతి రోజుల్లో టీవీలో పదేపదే చూశాక, మొదటి క్షణంలోకి కూడా టీవీ వచ్చి కూర్చుంటుంది.

2001లో న్యూయార్క్ జంట భవనాల మీద దాడి జరిగిన మర్నాడే డ్యూక్ విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ తలారికో, డేవిడ్ రూబిన్ ఇలాంటి పనే మొదలుపెట్టారు. వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, ఆ విద్యార్థుల చేతే ఆ దగ్గరి రోజుల్లో జరిగిన ఒక మామూలు సంగతి కూడా రాయించారు. నెలలు గడిచేకొద్దీ రెండు జ్ఞాపకాలూ ఒకే తీరున మారాయి. తేడా అల్లా నమ్మకంలోనే. మామూలు సంగతి విషయంలో 'ఏమో, సరిగ్గా గుర్తు లేదు' అన్నవాళ్లు, దాడి రోజు విషయంలో కళ్లకు కట్టినట్టుందన్నారు. మీరు రాసిన 'నిన్న జరిగినట్టే' అన్న మాట నిజమే. మీకు అలా అనిపిస్తోంది. అలా అనిపించడాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోలేం.

మతిమరుపు భయం అందుకే అక్కర్లేదు. నలభై ఏళ్ల కిందటి రోజును కొంచెం అటూ ఇటూ చేసి గుర్తుపెట్టుకోవడం జబ్బు లక్షణం కాదు. స్టవ్ మీద పాలు పెట్టి రోజూ మర్చిపోవడం, ఒకే ప్రశ్న గంటలో నాలుగుసార్లు అడగడం, తెలిసిన దారిలోనే తప్పిపోవడం లాంటివి ఉంటే మాత్రం న్యూరాలజిస్టును కలవండి. మీ ఉత్తరంలో అలాంటివేమీ కనబడలేదు.

సావనీర్ వ్యాసం కోసం ఒక పని చేయండి. మీ గ్రూపులో చర్చ ఆపించండి. నలుగురు కలిసి గుర్తు చేసుకుంటే, గట్టిగా మాట్లాడేవాళ్ల జ్ఞాపకమే కాసేపటికి అందరి జ్ఞాపకమైపోతుంది. ఐదారుగురిని ఎంచుకుని, ఒకరిది ఒకరు చూడకుండా ఎవరికి వాళ్లను ఒక పేజీ రాయమనండి. తర్వాత పక్కపక్కన పెట్టండి. కలవనిచోట కలపకండి. ఒకామె 'రెండో పీరియడ్‌లో పంపేశారు' అని, ఇంకొకామె 'సాయంత్రం దాకా ఉన్నాం' అని రాస్తే రెండూ అచ్చు వేయండి. చదివేవాళ్లకు అదే బాగుంటుంది. తేదీలు సరిచూసుకోవాలంటే అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. పాత పత్రికలు చూడాలని అడగండి. మర్నాటి పేపర్ ఒక్కటి చూస్తే మరిచిపోయినవి ఎన్నో పైకొస్తాయి, పక్క పేజీలోని సినిమా ప్రకటనలతో సహా.

మీ వ్యాసంలో నాకు లోటుగా అనిపించింది వేరే ఉంది. ఆ సాయంత్రం మీ ఇంట్లో ఏం జరిగింది? ఒక్క ముక్క రాయలేదు. 1984 అక్టోబర్ తెలుగు ఇళ్లల్లో మామూలు అక్టోబర్ కాదు. ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేశారు. నెల రోజుల పాటు రాష్ట్రం అట్టుడికిపోయాక, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెలంతా ఇందిరను తిట్టని ఇల్లు మన దగ్గర తక్కువ. ఇంకో ఆరు వారాలకు ఈ వార్త. ఆగస్టులో తిట్టిన నోళ్లే అక్టోబర్‌లో కొంగు అడ్డం పెట్టుకున్నాయి. పైగా చనిపోయేనాటికి ఆమె మన పక్కనున్న మెదక్ ఎంపీ. 1980లో రాయ్‌బరేలీ, మెదక్ రెండుచోట్లా గెలిచి మెదక్‌నే ఉంచుకున్నారు. ఢిల్లీలో చనిపోయిన ప్రధాని ఒకరకంగా మన జిల్లా మనిషి. మీ నాన్నగారు ఆ రోజు ట్రాన్సిస్టర్ దగ్గర కూర్చున్నారా? బయటికి వెళ్లొద్దన్నారా? ఆగస్టులో ఆయన ఏమనేవారు, ఆ రాత్రి ఏమన్నారు? డిసెంబర్‌లో ఓటు ఎవరికి వేశారు? దేశమంతా కాంగ్రెస్ ఊడ్చేసిన ఆ ఎన్నికల్లో మన రాష్ట్రం తెలుగుదేశానికి 30 లోక్‌సభ సీట్లిచ్చింది. కన్నీళ్లు వేరు, ఓటు వేరు అని తేల్చిన జనం మనవాళ్లు. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఈ వారమే అడగండి. అది రాస్తే మీ వ్యాసానికి సల్మా సుల్తాన్ అవసరమే రాదు.

ఇప్పుడు మీ బెంచీలోని అమ్మాయి. నిజానికి మీరు ఉత్తరం రాసింది దీనికోసమేనని నాకనిపిస్తోంది.

'అలాంటిదేం జరగలేదు' అని గ్రూపులో అంటున్నవాళ్ల మాటను నేను పెద్దగా పట్టించుకోను. నలభై మంది ఉన్న క్లాసులో ఒక బెంచీ దగ్గర అన్న మాట వెనక బెంచీకే వినపడదు. వాళ్లు వినలేదంటే వినలేదనే అర్థం. అలాగని మీరు విన్నది క్లాసులోనే అని కూడా నేను చెప్పలేను. ఆ వారం అలాంటి మాట బస్టాపులో, పాలబూత్ దగ్గర, ఇంట్లో పెద్దవాళ్ల నోట కూడా వినబడి ఉండవచ్చు. ఎక్కడో విన్న మాట మీ పక్కనున్న పిల్ల మీద వాలి అక్కడే ఉండిపోయిందేమో. ఆమె మళ్లీ రాలేదన్నది మాత్రం పొరపాటే అనుకుంటాను. టెన్త్ గ్రూప్ ఫోటో ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కొన్ని రోజులు రాకపోయి ఉంటుంది. ఆ ఖాళీ మీ మనసులో సాగిపోయింది.

రాకపోవడానికి కారణం వెతకనక్కర్లేదు. ఆ మూడు నాలుగు రోజుల్లో ఒక్క ఢిల్లీలోనే 2,733 మంది సిక్కులను చంపేశారని తర్వాత ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. ఆ కబుర్లు వింటున్న ఏ సిక్కు కుటుంబమైనా, వేయి మైళ్ల దూరంలో ఉన్నా సరే, పిల్లను జడ వేసి బడికి పంపడానికి వెనకాడుతుంది. మన హైదరాబాద్ సిక్కుల్లో చాలామంది నిన్నమొన్న వచ్చినవాళ్లు కారు. 1830లలో, నిజాం మంత్రి చందూలాల్ కాలంలో, నిజాం కొలువుకు లాహోర్ నుంచి వచ్చిన సైనికుల సంతతి. అత్తాపూర్ వైపు సిక్కు ఛావణీ వాళ్లదే. మనలో ఎంతోమంది తాతలు ఈ ఊరు రాకముందే ఇక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లు, తెలుగూ దక్కనీ ఇంట్లో మాటల్లా మాట్లాడేవాళ్లు. అలాంటి ఇంటి పన్నెండేళ్ల పిల్లకు 'మీవాళ్లు' అని ఎవరిని చూపించారో అన్నవాళ్లకే తెలియాలి.

'ఎందుకు తవ్వడం' అన్న మాట నాకు నచ్చలేదు. 2005 ఆగస్టులో, ఆ హత్యాకాండ మీద విచారణ జరిపిన నానావతి కమిషన్ నివేదిక బయటికొచ్చాక, ప్రధాని మన్మోహన్ సింగ్ పార్లమెంటులో నిలబడి సిక్కు సమాజానికీ మొత్తం దేశానికీ క్షమాపణ చెప్పారు. ఇరవై ఏళ్లు దాటాక పార్లమెంటులో ఎత్తిన సంగతిని స్కూల్ సావనీర్‌లో నాలుగు వాక్యాల్లో ఎత్తితే తప్పేమీ లేదు.

కానీ రాసే ముందు ఆమెను అడగాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. మీ టిఫిన్ డబ్బా గురించి రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ మాట పడ్డది ఆమె. పేరు రాయకపోయినా మీ బ్యాచ్ అంతా గుర్తుపడుతుంది. ఆమె ఎన్ని రోజులు రాలేదో తెలుసుకోవడానికి స్కూలుకు వెళ్లి రిజిస్టర్లు తిరగేసే ఆలోచన ఉంటే మానుకోండి. మనిషి ఉండగా కాగితాల దగ్గరికెందుకు?

నేరుగా ఫోన్ చేయకండి, ముందు మెసేజ్ పెట్టండి. ఆలోచించుకోవడానికి ఆమెకు సమయం ఉండాలి. 'సావనీర్ కోసం 1984 గురించి రాస్తున్నానే. ఆ రోజుల గురించి నీకేం గుర్తుందో వినాలని ఉంది. మాట్లాడాలనిపిస్తే చెప్పు, లేదంటే ఏం పర్లేదు' అంటే చాలు. మీరు స్నేహితులు కదా, 'మీరు' అని కొత్తగా మర్యాదలు మొదలుపెట్టకండి. అసలు మాట మాత్రం ముందే ఎత్తకండి. 'నిన్ను ఎవరో ఇలా అన్నారు, గుర్తుందా?' అని అడిగితే, లేని జ్ఞాపకాన్ని మీరే ఆమె చేతిలో పెట్టినట్టవుతుంది. ఆమెను చెప్పనివ్వండి. ఆమె చెప్పుకొచ్చేదాంట్లో ఆ మాట రాకపోతే, చివర్లో ఒక్కసారి 'నాకు ఇలా గుర్తుంది, నిజమో కాదో తెలీదు' అనండి. అంతటితో ఆగండి.

ఆమె ఏమైనా అనవచ్చు. 'అయ్యో, నాకసలు గుర్తే లేదు' అని నవ్వేయవచ్చు. అప్పుడు బలవంతంగా గుర్తు చేయకండి. 'అవన్నీ వద్దులే' అనవచ్చు. అప్పుడు ఆ పేరా తీసేయాల్సిందే, కాస్త మార్చి పెట్టడాలు కూడా వద్దు. బడిలో ఏం లేదుగానీ వీధిలోనే భయపడ్డామని ఇంకేదో చెప్పవచ్చు. ఇంకొకటి కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. మాట గుర్తుంది, అన్నది ఎవరో గుర్తు లేదని రాశారు. ఆమె 'అన్నది నువ్వే' అనవచ్చు. అలా జరిగి ఉంటుందని నేననడం లేదు. కానీ ఆ జవాబుకు సిద్ధపడకుండా మెసేజ్ పెట్టకండి. ఒకవేళ ఆమె అదే అంటే 'నేనా? ఛ, నేనెందుకంటాను' అనకండి, చిన్నపిల్లనని చెప్పుకోకండి. ఛాలెంజర్ విద్యార్థుల కథ కూడా ఎత్తకండి. 'సారీ' అనండి. తర్వాత ఆమెను మాట్లాడనివ్వండి.

ఆమె ఒప్పుకుంటే ఆ పేరా రాసి, అచ్చుకు ఇచ్చే ముందు ఆమెకే పంపండి. పేరు ఉండాలా వద్దా ఆమె ఇష్టం. తనే రాస్తానంటే ఇంకా మంచిది, మీ వ్యాసం పక్కన అరపేజీ వదలమని సంపాదకులకు చెప్పండి. మెసేజ్‌కు జవాబు రాకపోతే రెండోసారి పంపకండి. గడువు దగ్గర పడితే ఆ పేరా లేకుండా మిగతాది ఇచ్చేయండి. పేజీ నిండలేదని వాళ్లు గొడవ చేస్తే, ఆ రాత్రి మీ నాన్నగారి గురించి రాయండి.